వ్యసనాన్ని ముందే పట్టిచ్చే జన్యు పరీక్ష: పదిహేడేళ్ళ కొడుక్కి చేయించాలా?

విజయవాడ నుంచి ఒక తండ్రిగారు అడిగిన ప్రశ్నను ముందు నాలుగు మాటల్లో చెప్పుకుంటాను. ఆయన నాన్నగారు సారా తాగి లివరు చెడి పోయారు. తమ్ముడు ఆన్‌లైన్ రమ్మీలో పటమటలోని ఇంటిస్థలం పోగొట్టుకున్నాడు. భార్యకు రాత్రి పడుకోబోయే ముందు గ్యాస్ సిలిండరు కట్టేశామో లేదో పదిహేనుసార్లు చూసుకుంటే గాని నిద్ర పట్టదు. కొడుక్కి పదిహేడేళ్ళు, ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఉమ్మి నమూనా పంపితే మద్యం, పొగాకు, జూదం, ఓసీడీ (ఒకే భయంతో చూసిందే చూసేలా, చేసిందే చేసేలా పట్టుకునే మానసిక జబ్బు) నాలుగింటికీ జన్యుపరమైన ముప్పు ఎంతో శాతాల్లో చెబుతామని ఒక ఏజెంటు వచ్చి పద్నాలుగు వేలకు కిట్ అంటగట్టాడు. దాన్ని ఇంకా తెరవలేదు. పైగా పెద్దమ్మాయికి గుంటూరు సంబంధం ఒకటి వచ్చిందనీ, వరుడి తండ్రికి తాగుడు అలవాటున్నదనీ, ఆ అబ్బాయికి కూడా ఇదే పరీక్ష చేయించమని అడగవచ్చా అనీ రెండో ప్రశ్న వేశారు.

గుంటూరు కొత్తపేటలో ఇరవై ఆరేళ్ళుగా మానసిక వైద్యం చేస్తున్నవాడిగా నా సమాధానం ఇది: మీ అబ్బాయికి చేయించకండి, ఆ అబ్బాయిని అడగకండి. జన్యువుల ప్రభావం లేదని నేను ఈ మాట అనడం లేదు. ప్రభావం ఉంది, గట్టిగానే ఉంది. అయితే మీరు ఈ ప్రశ్న రాస్తూ మొదటి ఐదు వాక్యాల్లో చెప్పిన మీ ఇంటి సంగతులకు మించి ఆ కిట్ చెప్పగలిగేది ఏమీ లేదు.

వంశంలో తాగుడు ఉంటే పిల్లలకు ముప్పు పెరుగుతుందని మన పెద్దలు "తాత బుద్ధులు వచ్చాయి" అనే మాటలో ఎప్పుడో చెప్పారు. దాన్ని శాస్త్రీయంగా తేల్చినవి దత్తత పిల్లల మీద జరిగిన పరిశోధనలు. 1973లో డెన్మార్కులో తాగుబోతు తండ్రులకు పుట్టి, పసితనంలోనే వేరే ఇళ్ళకు దత్తు వెళ్ళిన మగపిల్లలను పరిశీలిస్తే, వాళ్ళలో 18 శాతం మంది తాగుడు జబ్బులో పడ్డారు. అలాంటి తండ్రులు లేని దత్తపుత్రుల్లో అది 5 శాతమే. కన్నతండ్రి సీసా పట్టుకోగా ఆ పిల్లలు చూడనేలేదు, అయినా తేడా కనిపించింది. ఇదే లెక్కను ఇంకో వైపు నుంచి కూడా చూడాలి. తాగుబోతు తండ్రికి పుట్టిన ప్రతి వందమందిలో ఎనభై ఇద్దరికి ఆ జబ్బు రాలేదు.

కవలల మీద జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూస్తే మద్యం జబ్బులో వారసత్వం పాలు సుమారు 50 శాతమని తేలింది. జూదంలోనూ దాదాపు అంతే. ఈ 50 శాతం అనే మాటను ఏజెంట్లు వాడుకున్నంతగా మరెవ్వరూ వాడుకోలేదు. "మీ నాన్నకు ఉంది కాబట్టి మీవాడికి సగం అవకాశం ఉంది" అని దానికి అర్థం చెబుతారు. అది పూర్తిగా తప్పు. ఒక జనసమూహంలో మనిషికీ మనిషికీ మధ్య కనిపించే తేడాల్లో ఎంత భాగం జన్యువుల వల్ల, ఎంత భాగం పెంపకం, పరిసరాల వల్ల అన్నదే ఆ అంకె చెప్పేది. లాం ఫారం మిరప విత్తనం ఒకే సంచిలోది తీసుకుని సగం నల్లరేగడిలో, సగం చౌడు నేలలో వేస్తే దిగుబడిలో వచ్చే తేడా అంతా నేలదే, విత్తనానిది కాదు. అదే పొలంలో పది రకాల విత్తనాలు కలిపి చల్లితే తేడా చాలావరకు విత్తనానిది అవుతుంది. అంకె నేలను బట్టి మారిపోతుంది. అలాంటిది ఒక్క మొక్క ఎంత కాస్తుందో ఆ అంకె ఎలా చెబుతుంది?

నేల ఎంత బలమైనదో చెప్పడానికి వియత్నాం యుద్ధం నుంచి తిరిగి వచ్చిన అమెరికా సైనికుల ఉదాహరణ ఒకటి చాలు. అక్కడ ఉండగా వాళ్ళలో ప్రతి ఐదుగురిలో ఒకరు హెరాయిన్ వంటి మత్తుకు బానిసలయ్యారు. ఇంటికి వచ్చిన మొదటి సంవత్సరంలో, అలా బానిసలైన వాళ్ళలో మళ్ళీ అదే స్థితికి చేరినవాళ్ళు నూటికి ఐదుగురే. ఆ మనుషులు వాళ్ళే, జన్యువులూ వాళ్ళవే. మారినవి సరుకు దొరికే తీరూ, పక్కనున్న మనుషులూ.

ఇక పరీక్ష విషయానికి వస్తాను. ఈ వ్యాపారానికి మూలం 1990లో కెన్నెత్ బ్లమ్, ఎర్నెస్ట్ నోబుల్ బృందం ప్రచురించిన ఒక పత్రం. మరణించిన 35 మంది తాగుబోతుల మెదడు నమూనాలనూ, తాగుడు జబ్బు లేని 35 మంది నమూనాలనూ పోల్చి, మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని అందుకునే గ్రాహకానికి చెందిన డీఆర్‌డీ2 జన్యువు దగ్గర ఒక భేదం మొదటి వర్గంలో 69 శాతం మందిలో ఉందని వాళ్ళు చెప్పారు. పత్రికలు "తాగుడు జన్యువు దొరికింది" అని రాశాయి. ఆ ఏడాది ముగియకముందే మరో బృందం అదే పని చేసి చూస్తే ఆ సంబంధం కనిపించలేదు. కొన్నేళ్ళకు తేలిందేమిటంటే, ఆ భేదం అసలు డీఆర్‌డీ2లోనే లేదు, పక్కనున్న మరో జన్యువులో ఉంది. అయినా నా దగ్గరకు వచ్చిన ఇలాంటి రిపోర్టులు రెండు మూడింటిలో, ముప్పై ఏళ్ళ తరువాత కూడా, ఆ పేరే పెద్ద అక్షరాల్లో కనిపించింది. పాత సినిమా పోస్టరు మీద కొత్త తేదీ అతికించినట్టు ఉంటుంది.

ఆ తరువాత పరిశోధన ఎంతో ముందుకు వెళ్ళింది. 2022లో ప్రచురితమైన ఒక అధ్యయనం 34 లక్షల మంది జన్యువులను పరిశీలించి, పొగాకు, మద్యం అలవాట్లతో సంబంధం ఉన్న భేదాలను దాదాపు నాలుగు వేల వరకు గుర్తించింది. ఓసీడీ మీద 2025లో వచ్చిన అధ్యయనం 53 వేలకు పైగా రోగులను పరిశీలించి 30 చోట్ల గుర్తులు పట్టింది. విజ్ఞానానికి ఇవి గొప్ప ఫలితాలు. కాని వాటి అర్థం ఏమిటి? ఒక్కొక్క భేదం చేసేది ఆవగింజంత. వేల ఆవగింజలు కలిస్తే కొంత బరువు వస్తుంది గాని, ఏ పదో పదిహేనో ఏరి తూచి మనిషి భవిష్యత్తు చెబుతామంటే నమ్మేదెలా?

ఆ పనే చేసిన ఒక పరీక్ష అమెరికాలో ఉంది. అవర్ట్‌డీ అనే ఆ పరీక్ష 15 జన్యు భేదాలను చూసి, శస్త్రచికిత్స వంటి సందర్భాల్లో మొదటిసారి నల్లమందు జాతి నొప్పిమాత్రలు వాడబోయే పద్దెనిమిదేళ్ళు నిండినవారికి ముప్పు ఎక్కువా కాదా అని చెబుతుంది. అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నియమించిన సలహా సంఘం 2022 అక్టోబరులో 11–2 ఓట్లతో దీన్ని వ్యతిరేకించింది. కొన్ని మార్పుల తరువాత 2023 డిసెంబరులో ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. మరుసటి ఏడాది పలువురు నిపుణులు ఆ అనుమతిని వెనక్కి తీసుకోమని లేఖ రాశారు. 2025 మొదట్లో నాలుగున్నర లక్షల మంది మాజీ సైనికుల సమాచారం మీద ఆ 15 భేదాలనే పెట్టి చూస్తే, సరిగా చెప్పగలిగింది సుమారు 53 శాతం మంది విషయంలోనే. రూపాయి బిళ్ళ ఎగరేసినా 50 శాతం సరిగానే వస్తుంది. ప్రపంచంలో ఒక నియంత్రణ సంస్థ పరిశీలనకు నిలబడిన పరీక్ష పరిస్థితే ఇది. మీ ఇంటికి వచ్చిన కిట్ ఏ పరిశీలనకు నిలబడిందో ఆ ఏజెంటును అడిగి చూడండి.

మనకు ఇంకో చిక్కు ఉంది. ఈ అధ్యయనాల్లో పాల్గొన్నవాళ్ళలో అత్యధికులు యూరోపు సంతతివారు, వాళ్ళలో కనిపించిన గుర్తులు మనకూ అలాగే వర్తిస్తాయన్న హామీ లేదు. ఒక ఊహ చేద్దాం. గోంగూర పచ్చడి ఇష్టంగా తినేవాళ్ళను ఒక వైపు, తినని వాళ్ళను మరో వైపు నిలబెట్టి భారతదేశమంతటా జన్యువులు పరీక్షిస్తే, తెలుగువాళ్ళలో ఎక్కువగా కనిపించే ప్రతి భేదమూ "గోంగూర జన్యువు"గా తేలుతుంది. నాలుకకూ దానికీ ఏ సంబంధమూ ఉండదు. వంశ మూలాలు కలగాపులగమైన చోట ఇలాంటి పొరపాటు చాలా తేలిక. అవర్ట్‌డీ మీద వచ్చిన ముఖ్యమైన విమర్శల్లో ఇదీ ఒకటి. కులం, ప్రాంతం లోపలే తరతరాలుగా పెళ్ళిళ్ళు జరిగిన మన దేశంలో ఈ గందరగోళం మరీ ఎక్కువ. దాదాపు పదివేల మంది భారతీయుల జన్యు పటాలు తీసిన జీనోమ్ ఇండియా పథకం, మద్యం, ఓసీడీ వంటి ఐదు జబ్బులు ఒకరికంటే ఎక్కువ మందికి ఉన్న కుటుంబాలను ఏళ్ళ తరబడి పరిశీలిస్తున్న బెంగళూరు నిమ్‌హాన్స్ పరిశోధన, ఈ లోటు తీర్చడానికి వేసిన అడుగులు. వాటి నుంచి ఇంటికి పంపే రిపోర్టు ఇంకా రాలేదు. మేనరికం వల్ల తాగుడు వచ్చిందా అని చాలామంది అడుగుతుంటారు. మేనరికంతో ముప్పు పెరిగేది తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే దోషం అందితే వచ్చే జబ్బులకు. తాగుడు ఆ కోవలోది కాదు.

తాగుడు విషయంలో నిజంగా బలమైన జన్యువు ఒకటి ఉంది. మద్యం ఒంట్లో మొదట ఎసిటాల్డిహైడ్ అనే విషంగా మారుతుంది, దాన్ని విరగ్గొట్టే ఎంజైము ఏఎల్‌డీహెచ్2. జపాను, చైనా, కొరియా ప్రజల్లో చాలామందికి ఈ ఎంజైము సరిగా పనిచేయని భేదం ఉంటుంది. వాళ్ళకు ఒక పెగ్గుకే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతి వస్తుంది. అందుకే వాళ్ళు తాగుడు జబ్బులో పడడం తక్కువ. మన వాళ్ళలో ఈ భేదం అరుదు. కాని మన ప్రాంతంలో ఒక వంటింట్లో తయారైన దాని నకలును చూశాను. తాగుడు మాన్పించే డైసల్ఫిరామ్ మాత్ర చేసేది సరిగ్గా ఇదే, ఆ ఎంజైమును మూయడం. సత్తెనపల్లి వైపు నుంచి ఒక ఇల్లాలు, ఎవరో చెప్పగా, ఆ మాత్రను పొడి చేసి భర్తకు చెప్పకుండా రోజూ మజ్జిగలో కలిపేది. ఒక సాయంత్రం అతను క్వార్టరు తాగి, ముఖమంతా కందగడ్డలా ఎర్రబడి, బీపీ పడిపోయి, ఊపిరాడక ఆటోలో వచ్చాడు. బతికాడు. ఆ గ్లాసు అడుగున తెల్లని పొడి ఇంకా అంటుకుని ఉందని, దాన్ని కొంగులో చుట్టుకుని తెచ్చి నా బల్ల మీద పెట్టి ఆమె ఏడ్చింది. మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆలోచన వస్తే వెంటనే మానుకోమనండి. తాగే వ్యక్తికి తెలియకుండా ఆ మాత్ర ఇవ్వకూడదు.

అంత బలమైన జన్యువు కూడా సమాజం ముందు వంగిపోయింది. జపానులో చికిత్సకు వచ్చిన తాగుడు రోగుల్లో ఆ రక్షణ భేదం తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే అందినవాళ్ళు 1979లో 2.5 శాతం ఉంటే, 1992 నాటికి 13 శాతమయ్యారు. ఒళ్ళు వద్దంటున్నా ఆఫీసు విందుల ఒత్తిడి తాగించింది.

ఓసీడీ సంగతి కొంచెం వేరు. మన ఇళ్ళల్లో దీన్ని చాదస్తమనో, మడి అనో, అనుమానం జబ్బనో సరిపెట్టుకుంటారు. అందుకే వైద్యుడి దగ్గరకు రావడానికి ఏళ్ళు పడుతుంది. తల్లికో తండ్రికో ఓసీడీ ఉంటే పిల్లలకు ముప్పు సుమారు నాలుగైదు రెట్లు. వినడానికి భయంగా ఉన్నా, సాధారణ జనంలో అది నూటికి ఒకరిద్దరికే వచ్చే జబ్బు కాబట్టి, ఆ పిల్లల్లో కూడా నూటికి తొంభైమంది దాకా దాని బారిన పడరు. అసలు మీ శ్రీమతిగారికి ఉన్నది ఓసీడీయే అని మీ ఉత్తరం చదివి నేను చెప్పలేను. సిలిండరు చూసుకోవడంలాంటి పనులకు రోజుకు గంటకు పైగా పోతోందా, చూసుకోకపోతే ఆమె విలవిలలాడుతున్నారా అన్నది ముఖ్యం. అయితే మందులతోనూ, భయపడే పరిస్థితికి కొంచెం కొంచెంగా ఎదురు నిలబెట్టి, పదేపదే చూసుకోవడాన్ని ఆపించే చికిత్సతోనూ బాగా తగ్గే జబ్బు అది. మీ ఇంట్లో ఈ రోజున వైద్యం అందవలసిన మనిషి మీ అబ్బాయి కాకపోవచ్చు, ఆవిడ కావచ్చు.

రిపోర్టు వల్ల జరిగే నష్టం పద్నాలుగు వేలతో పోదు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2019లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, కొందరికి వాళ్ళ అసలు జన్యువులతో సంబంధం లేకుండా "నీది వ్యాయామానికి పనికిరాని జన్యువు" అని చెప్పారు. ఆ మాట విన్నాక ట్రెడ్‌మిల్ మీద వాళ్ళ ఊపిరితిత్తుల సామర్థ్యమే తగ్గింది. పదిహేడేళ్ళ పిల్లవాడి చేతిలో "జూదానికి ముప్పు 78 శాతం" అనే కాగితం పెడితే, పరీక్ష తప్పిన రోజునో, స్నేహితులు పిలిచిన రోజునో అది ఏం చేస్తుందో ఆలోచించండి. "ముప్పు తక్కువ" అని వచ్చిన రిపోర్టు ఇంకా ప్రమాదం. నా దగ్గరకు వచ్చిన ఒక యువకుడు, మంచి ఉద్యోగంలో ఉన్నవాడు, ఫోనులో అలాంటి రిపోర్టు దాచుకున్నాడు. పచ్చరంగు గడిలో "తక్కువ" అని ఉంది. ప్రతి శుక్రవారం సాయంత్రం స్నేహితులకు దాన్ని చూపించి నవ్వించేవాడట. నాకు చూపించే నాటికి అతని చేతులు ఉదయం పూట వణుకుతున్నాయి.

ముప్పు తెలుసుకోవాలనే మీ ఆరాటం న్యాయమైనది. దానికి ఇంతకంటే మంచి మార్గాలు, ఖర్చు లేనివి, ఉన్నాయి. అమెరికాలో మార్క్ షుకిట్ 1978లో మొదలుపెట్టి నాలుగు వందల యాభై మందికి పైగా యువకులను దశాబ్దాల పాటు గమనించారు. తాగుబోతుల కొడుకుల్లో చాలామందికి మద్యం ఎక్కడం తక్కువ. అంటే అందరూ తూలే మోతాదుకు వీళ్ళు తూలరు. అలా తూలనివాళ్ళే తరువాతి కాలంలో ఎక్కువగా జబ్బులో పడ్డారు. మన పెళ్ళి విందుల్లో "మావాడు ఎంత తాగినా స్టడీగా ఉంటాడు" అని గొప్పగా చెప్పుకునేది నిజానికి ప్రమాద సూచిక. మీ నాన్నగారు ఆ కోవకు చెందినవారేనా అని మీ అమ్మగారిని అడగండి. ఇంకొకటి, మొదటి చుక్క వయసు. అమెరికాలో ఒక పెద్ద సర్వేలో పదిహేనేళ్ళకు ముందే తాగడం మొదలుపెట్టినవాళ్ళలో 40 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు బానిసలయ్యారు. ఇరవై దాటాక మొదలుపెట్టినవాళ్ళలో 10 శాతం మంది. తొందరగా మొదలుపెట్టడానికే కొంత వంశమూ, కొంత ఇల్లూ కారణం కావచ్చు కాబట్టి ఈ తేడా అంతా వయసుదేనని నేను అనను. అయినా తండ్రి చేతిలో ఉన్నది వయసు ఒక్కటే, జన్యువులు కావు.

జూదం విషయంలో నేల ఇప్పుడు ఫోనులో ఉంది. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ రమ్మీని 2020లోనే నిషేధించారు. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటి మీద కేంద్ర చట్టమూ వచ్చింది. అయినా దొడ్డిదారులు తెరిచే ఉన్నాయి. అబ్బాయి ఫోనుకు మీ బ్యాంకు ఖాతా, యూపీఐ జతచేసి ఉంటే తీసేయండి. పెద్దవాళ్ళ సంగతిలో ఒక మాట: పార్కిన్సన్ జబ్బుకు వాడే ప్రామిపెక్సోల్ వంటి మందులతో, అరవై ఏళ్ళు చీట్లపేక ముట్టని మనిషి కూడా జూదానికి దిగవచ్చు. మందు తగ్గిస్తే అది చాలావరకు పోతుంది. ఇంట్లో పెద్దవాళ్ళలో కొత్తగా ఏ పిచ్చి పట్టినా ముందు మందుల చీటీ చూడాలి.

జన్యు పరీక్షలన్నీ వృథా అని మాత్రం అనుకోకండి. మూర్ఛకు కార్బమజెపిన్ మొదలుపెట్టే ముందు హెచ్‌ఎల్‌ఏ పరీక్ష చేస్తే ప్రాణాంతకమైన చర్మవ్యాధిని తప్పించవచ్చు. అక్కడ ఒక భేదానికీ ఒక ప్రమాదానికీ సూటి సంబంధం ఉంది. తాగుడు మాన్పించే నాల్‌ట్రెక్సోన్ ఎవరికి పనిచేస్తుందో ఒక జన్యువును బట్టి చెప్పవచ్చని కొంతకాలం ఆశపడ్డాం. 2015లో ఆ మాటను పరీక్షించడానికే జరిపిన ప్రయోగంలో అది నిలబడలేదు.

సంబంధం మాట చివరికి ఉంచాను. వరుణ్ణి ఉమ్మి ఇమ్మని అడగడం మర్యాద కాదన్నది అలా ఉంచి, ఆ ఫలితం మీకు ఏమీ చెప్పదు. పైగా అదే పరీక్ష వాళ్ళు మీ అమ్మాయికి చేయించమంటే, తాత సారా, బాబాయి రమ్మీ, తల్లి సిలిండరు అన్నీ కలిపి మీ కాగితమే ఎక్కువ ఎర్రగా కనిపించవచ్చు. మన దేశంలో జన్యు సమాచారం ఆధారంగా వివక్ష చూపకూడదనే ప్రత్యేక చట్టం లేదు. జన్యు జబ్బుల పేరుతో బీమాను విచ్చలవిడిగా నిరాకరించడం చెల్లదని 2018లో ఢిల్లీ హైకోర్టు చెప్పినా, పెళ్ళి మాటలకు ఏ కోర్టూ అడ్డం రాదు. అమెరికాలో ఉమ్మి పరీక్షల పెద్ద కంపెనీ 23అండ్‌మీ నుంచి 2023లో సుమారు 69 లక్షల మంది సమాచారం దొంగల పాలైంది. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషను వేసింది. మీ అబ్బాయి ఉమ్మి మీ అందరిదీ. అందులో మీ అమ్మాయి జన్యువుల్లో సగం దాకా ఉంటాయి. వరుడి గురించి అడగవలసింది అతను వారంలో ఎన్నిరోజులు తాగుతాడు, ఎప్పుడు మొదలుపెట్టాడు, అప్పులున్నాయా, తండ్రి తాగి వచ్చిన రాత్రి అతను ఏం చేస్తాడు అన్న సంగతులు. వాటిని మధ్యవర్తిని అడగవద్దు. మీ అమ్మాయి అతనితో కూర్చుని మాట్లాడితే సరైన జవాబు వస్తుంది.

ఇప్పుడు చేయవలసింది. కిట్ తెరవలేదు కాబట్టి డబ్బు వాపసు అడగండి, ఇవ్వకపోతే వదిలేయండి. ఒక తెల్లకాగితం మీద మగవాళ్ళకు గడి, ఆడవాళ్ళకు సున్నా గీస్తూ మూడు తరాల పటం వేయండి. ఎవరు తాగారు, ఏ వయసులో మొదలుపెట్టారు, ఎవరు మానేశారు, ఎవరికి చాదస్తం, ఎవరు ఉరి వేసుకున్నారు, అన్నీ రాయండి. మానేసినవాళ్ళ గడి పక్కన ఎలా మానారో కూడా రాయండి, ఎందుకంటే దాన్ని చెప్పే కిట్ ఎక్కడా లేదు. మాట్లాడాలనిపిస్తే 14416కు ఫోను చేయండి, టెలీమానస్ వాళ్ళు తెలుగులో ఉచితంగా మాట్లాడతారు. మీ శ్రీమతిగారిని వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళేటప్పుడు ఆ పటం మడిచి జేబులో పెట్టుకోండి. నా దగ్గరకు వచ్చేవాళ్ళను నేను మొదట అడిగేది అదే.